కొండగొర్రెలకు సంబంధాలు చూసిన మనిషి

మా వాడి పెళ్ళి కార్డులు అచ్చు వేయించడానికి మొన్న ఛత్తాబజార్ వెళ్ళాను. నమూనాలు తిరగేస్తుంటే దుకాణం భాయ్ నన్ను ఎగాదిగా చూసి, "మీరు గా జింకల పార్కు ఆఫీసుల ఉంటరు కదా?" అన్నాడు. అవునన్నాను. బల్ల కింది నుంచి సుతిలితాడు కట్టిన కవర్ల కట్ట ఒకటి తీసి నా ముందు పెట్టాడు.

"మేడం నై ఆరే ఆజ్‌కల్. ఉన్కే వాస్తే రఖా, ఆమె కోసమే దాచిన. అన్ని ఖరాబైన కవర్లే. జర ఆమెకు ఇచ్చెయ్యుండ్రి."

అచ్చు చెడిపోయిన పెళ్ళి కవర్లు. ఒకదాని మీద పెళ్ళికొడుకు పేరు రెండుసార్లు పడింది. ఇంకోదాని మీద వినాయకుడు తలకిందులుగా ఉన్నాడు. ఆ వినాయకుణ్ణి సరిగ్గా తిప్పి పెట్టి, ఆమె పోయిందని చెప్పాను. భాయ్ "ఇన్నా లిల్లాహ్" అని గొణుక్కుని, కట్టను మళ్ళీ లోపల పెట్టాలో వద్దో తెలియక చేత్తో పట్టుకునే ఉన్నాడు. "ఇన్నేండ్లల్ల నా దుకాన్ల ఒక్కపారి గూడ కూసోలె ఆమె. స్టూలేస్తే దాని మీద బ్యాగు పెట్టేది" అన్నాడు. ఇక నాకు అక్కడ నిలవబుద్ధి కాలేదు. కార్డు ఖాయం చెయ్యకుండానే ఇంటికొచ్చి మా ఆవిడ చేత చీవాట్లు తిన్నాను.

ఆమె పేరు రాయను. తన గురించి ఎవరైనా మాట్లాడితే చిరాకు పడే మనిషి. ఎదురుగా మేమంతా మేడమ్ అనేవాళ్ళం. వెనకాల పెళ్ళిళ్ళ పేరమ్మ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టిన ఘనత నాదే.

పాతబస్తీ అంచున మాదొక చిన్న జంతువుల పార్కు. నేను అక్కడ గుమాస్తాను. మా పార్కుకు పేరు తెచ్చింది కొండగొర్రెలు. పేరుకు గొర్రె గానీ అది జింక జాతిది. మేకంత ఉంటుంది, మనిషి అలికిడికే పొదలో దూరుతుంది, మగదానికి తల మీద నాలుగు కొమ్ములు. వాటి పెంటికలు ఏరుకోవడానికి నగరంలోని ల్యాబు నుంచి వచ్చేది ఆమె. పెంటికలో జంతువు పేగు పొర కాస్త అంటుకుని ఉంటుందట. దాన్ని పరీక్ష చేస్తే ఏది దేని బిడ్డ, ఏది దేనికి చుట్టం, మందలో ఎన్ని రకాల రక్తం మిగిలి ఉంది అన్నీ తెలుస్తాయట. జంతువును పట్టుకోనక్కర్లేదు, సూది గుచ్చనక్కర్లేదు. ఏడాదికోసారి ఈ లెక్క చూసుకోకపోతే మంద పైకి బాగానే కనబడుతూ లోపల డొల్లయిపోతుందని ఆమె గోల.

ప్లాస్టిక్ సంచిలో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది. కాగితంలో వెయ్యాలి. పెళ్ళి కవరుకన్నా మందమైన కాగితం ఊరికే ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఛత్తాబజార్‌లో చెడిపోయిన కవర్లు తెచ్చుకునేది. కవరు మూల మీద పెన్సిల్‌తో ఏదో రాసి, ఆ పెన్సిల్ ముడిలో గుచ్చుకునేది.

ఒకసారి ల్యాబులో ఇవ్వమని నాకొక కవరు అప్పజెప్పింది. సంచిలో వేసుకుని ఇంటికెళ్ళాను. మా ఆవిడ సంచి సర్దుతూ చూసింది: బంగారు రంగు అక్షరాలు, నాలుగు మూలలా పసుపు. ఎవరిదో శుభలేఖ అనుకుని, తెరవకుండానే కళ్ళకద్దుకుని దేవుడి అరలో పెట్టింది. పొద్దున దీపం పెట్టి, ముహూర్తం ఎప్పుడో చూద్దామని విప్పింది. ఆ తర్వాత మా ఇంట్లో జరిగిన లొల్లి రాయడం నా ఒంటికి మంచిది కాదు. మేడమ్‌కు చెబితే నవ్వలేదు సరే, "దీపం దగ్గర పెట్టినరా? వేడి తగిలిందా?" అని అడిగింది.

కూర్చోవడం ఆమె జాతకంలో లేదు. కాలుగాలిన పిల్లిలా మా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ చాయ్ తాగేది. సగం చాయ్ గచ్చు తాగేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటి మనిషి భుజం మీద రాలిన వెంట్రుక తీసి వెలుతురుకు పెట్టి, మొదట్లో తెల్లటి గడ్డ ఉందో లేదో చూసేది. ఉంటే "ఇది పరీక్షకు పనికొస్తది" అనేది. మా పెద్దసారు భుజం మీద కూడా అలాగే తీసింది. ఆయనకు ఉన్న వెంట్రుకలే నాలుగు, పాపం చాలా నొచ్చుకున్నాడు.

పెళ్ళిళ్ళకు ఆమెను పిలవడం చుట్టాలు మానుకున్నారు. భోజనాల దగ్గర నిలబడి "పిల్ల అమ్మమ్మది ఏ ఊరు? పిలగాని తాతకు ఏమైతది?" అని ఆరా తీసేదట. సొంత చెల్లెలు మేనమామ కొడుకును చేసుకుంటుంటే పందిట్లోనే వాదన పెట్టుకుందట. చెల్లెలు ఉప్పుగూడలో ఆమె ఇంటి పక్క గల్లీలోనే ఉండేది, అయినా ఏళ్ళ తరబడి మాటల్లేవు. చెల్లెలి పిల్లలు నిక్షేపంలా ఉన్నారు. అందుకే చెల్లెలి కోపం ఇంకా తగ్గలేదు.

ఇంతకీ మా కొండగొర్రెల్లో పిల్లలు నిలవడం లేదు. పుట్టడం, రెండు మూడు రోజులు తల్లి చుట్టూ తూలుతూ తిరగడం, ఒక తెల్లారి కదలకుండా పడి ఉండడం. కీపర్ నర్సింగ్ దిష్టి అన్నాడు, గేటుకు నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాడు. పెద్దసారు మేత మార్పించాడు. మేడమ్ మాత్రం కవర్లు నింపుకుని వెళ్ళింది. కొన్ని వారాల తర్వాత వచ్చి, కంచె దగ్గర నిలబడి నవాబు వైపు పెన్సిల్ చూపించింది.

"వీటన్నిటికి తాత ఒక్కడే, తండ్రి ఒక్కడే, మొగడు గూడ గాడే."

నవాబు అంటే మా మగది. నాలుగు కొమ్ములూ కొలిచి అమర్చినట్టుండేవి. పార్కు బోర్డు మీద బొమ్మ దానిదే. తల్లి చస్తే నర్సింగే సీసాతో పాలు పట్టి పెంచాడు. నా కొడుకు అని చెప్పుకునేవాడు.

"ఏం మాట్లాడుతున్నవమ్మా? గాడు రాజాలెక్క లేడా?" అన్నాడు నర్సింగ్.

"రాజానే. గందుకే మీరు ఇంకోన్ని లోపలికి రానియ్యలె." నా వైపు తిరిగింది. "పది తలలు కనపడుతున్నయి తమ్మీ, లోపల ఉన్నది ఒక్కటే. ఒక్క రోగమొస్తే ఒక్కపారే పోతయన్ని. నేను రిటైరయ్యేలోపల బయటి రక్తం ఒకటి లోపలికి రావాలె. నాకు ఇంకేం వద్దు."

ఆ మాట అన్నాక ఆమె నన్ను బతకనియ్యలేదు. పొద్దున్నే ఫోను: ఉత్తరం పోయిందా? మధ్యాహ్నం ఫోను: జవాబొచ్చిందా? దేశంలో కొండగొర్రెలున్న పార్కులన్నిటికీ నా చేత రాయించింది. ఎవరో పిల్లకు సంబంధం కుదరక తల్లి వేగిపోతున్నట్టు ఉండేది ఆ గొంతు. నాకు విసుగొచ్చి ఫోను ఎత్తకపోతే గంటలో వరండాలో ప్రత్యక్షం.

చివరికి వేరే రాష్ట్రం నుంచి ఒక మగదాన్ని ఇస్తామన్నారు. అది లారీలో వచ్చిన రోజు మా పార్కులో పండగే. గుడిమల్కాపూర్ నుంచి బంతిపూల దండలు తెప్పించి పెట్టెకు కట్టాం. నర్సింగ్ భార్య హారతి పట్టింది. అందరం దాన్ని అల్లుడు అని పిలిచాం. పెద్దసారు ఫోటోకు నిలబడితే, ఫోటోలో ఆయన మోచేతి కింద నుంచి మేడమ్ చెయ్యి కనబడుతుంది. పెట్టె చెక్క పగులులో ఇరుక్కున్న వెంట్రుకలు పీకుతోంది.

బయటి నుంచి వచ్చిన జంతువును కొన్నాళ్ళు వేరుగా ఉంచడం మామూలే. ఆ గడువు తీరబోతుండగా ఆమె వచ్చింది. ఫోను చెయ్యలేదు. తిరగలేదు కూడా, నేరుగా పెద్దసారు గదిలోకి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడింది.

"సార్, వీడు మనోడే. నవాబుకు దగ్గరి చుట్టం."

ఎప్పుడో మా పార్కు నుంచి ఒక జత ఇంకో ఊరికి వెళ్ళిందట. వాటి పిల్లలు అక్కడి నుంచి మరో ఊరికి. ఊళ్ళు మారేసరికి పుట్టిల్లు ఏదో అందరూ మరిచిపోయారు. దేశమంతా తిరిగి, మా ఇంటి పిల్లాడినే మేళతాళాలతో మా ఇంటికే అల్లుడిగా తెచ్చుకున్నాం.

పెద్దసారు ముఖం మాడిపోయింది. "ఇంత దూరంకెళ్ళి తెచ్చినంక ఇప్పుడు వద్దంటే ఎట్ల మేడమ్? జర చుట్టరికం ఉంటే ఏమైతది? మనింట్ల మేనరికాలు లేవా? నాది మేనరికమే."

"మీకు బయట వెయ్యి సంబంధాలున్నయి సార్. అయినా మీకు నచ్చి మీరు చేసుకున్నరు. వీటికి గోడ ఉన్నది. గోడ లోపల మేనరికం, దాని మీద మేనరికం, మళ్ళ దాని మీద ఇంకోటి. ఇంకెన్ని సార్?"

"పైవాళ్ళకు ఏం జెప్పాలె నేను? దండలేసి ఫోటోలు దిగినం!"

"పెండ్లి పందిట్ల తెలిసినా ఆపుతరు సార్. మనం ఇంకా పందిట్లకు గూడ రాలె." అంతటితో ఊరుకుంటే ఆమె ఎందుకవుతుంది? "వీన్ని లోపలికి తోలొద్దు. నవాబును గూడ బయటికి తియ్యాలె" అంది.

అల్లుణ్ణి వేరే దొడ్డిలోనే ఉంచారు, అది పెద్దసారు చేసిన ఉపకారం. నవాబును మాత్రం కదపలేదు. మేడమ్‌ను ఇక లోపలికి రానివ్వద్దని గేటు దగ్గర చెప్పారు. మర్నాడు ఆమె టికెట్ కొనుక్కుని వచ్చింది. పిల్లలు, బెలూన్లు, పల్లీల పొట్లాల మధ్య కంచె వెంట అటూ ఇటూ తిరుగుతోంది. "నర్సింగ్, గా మూలకున్నయి జర నాలుగు ఇటు ఇసురు" అని కేకేస్తే జనం వింతగా చూస్తున్నారు. నర్సింగ్ ముఖం తిప్పుకుని వెళ్ళిపోయాడు. తన కొడుకును ఇంట్లోంచి గెంటేయమన్న మనిషికి పెంటికలు ఇస్తాడా? నాకు ఆమె మీద జాలీ వేసింది, ఒళ్ళు మంట కూడా పుట్టింది. ఇంత వయసొచ్చింది, కాస్త మెల్లగా అడిగితే ఏం పోయింది?

చలికాలంలో ఇంకో పిల్ల పుట్టింది. నర్సింగ్ దాన్ని తన కంబళిలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. నిలవలేదు. దాన్ని పాతిపెట్టి వచ్చి కాసేపు గేటుకు కట్టిన నిమ్మకాయల వంక చూశాడు. తర్వాత వాటిని తెంపి పారేసి, కంచె అవతల టికెట్ పట్టుకుని నిలబడ్డ ఆమె దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకే ఉన్నాను.

"నవాబును తీస్తే పిల్లలు బతుకుతరా అమ్మా? ఒట్టేసి చెప్పు."

"ఒట్టెయ్య నర్సింగూ. తియ్యకుంటే మాత్రం చస్తయి."

అబద్ధమైనా ఒక్క మంచి మాట చెప్పొచ్చు కదా అనిపించింది నాకు. నర్సింగ్‌కు మాత్రం ఆ మాటే నచ్చినట్టుంది. అతనే పెద్దసారు దగ్గరికి వెళ్ళి, "నవాబును నేనే తీసి పక్కకు పెడ్త సార్" అన్నాడు. పెంచినవాడే అడిగాక పెద్దసారు కాదనలేకపోయాడు. మేడమ్‌ను కూడా మళ్ళీ రానిచ్చారు.

అయినా లోపలికి ఎవరిని తోలాలి? మళ్ళీ ఉత్తరాలు, మళ్ళీ ఫోన్లు. నవాబును తీసి పది రోజులన్నా కాకముందే ఒక పొద్దున ఆమె దాదాపు పరుగెడుతూ వచ్చింది. మొదటిసారి ఆమె పళ్ళు చూశాను.

"తమ్మీ, పిలగాడు మనింట్లనే ఉన్నడు!"

మా జంతువుల ఆసుపత్రి వెనక ఒక దొడ్డి ఉంది. జనానికి చూపించడానికి పనికిరానివాటిని అక్కడ ఉంచుతాం. ఊరవతల పొలాల్లో కుక్కలు తరిమితే రైతులు విడిపించి తెచ్చిచ్చిన మగ కొండగొర్రె ఒకటి అక్కడ పడి ఉండేది. వెనక కాలు వంకరగా అతుక్కుంది, ముందు కొమ్ముల్లో ఒకటి విరిగింది. కుంటోడు అనేవాళ్ళం. కనబడ్డదల్లా ఏరుకునే జబ్బు కదా ఆమెకు, ఎప్పుడో దాని పెంటికలు కూడా కవర్లో వేసుకుంది. మా మందతో దానికి ఏ చుట్టరికమూ లేదు. అచ్చమైన బయటి రక్తం.

పెద్దసారు నమ్మలేదు. "గా కుంటోడా? చూసెటోళ్ళు నవ్వుతరు మేడమ్. రేపు పిల్లలు గూడ గట్లనే కుంటుకుంట పుడితే?"

"కాలు కుక్కలు ఇరిచినయి సార్. అది పిల్లలకు రాదు" అంది ఆమె. పెద్దసారు కాగితం లాక్కుని సంతకం పెట్టాడు. అంత తేలిక సంగతి మాలో ఒక్కరికీ తోచలేదు.

కుంటోణ్ణి లోపలికి తోలిన రోజు దండల్లేవు, హారతి లేదు. అది గేటు దాటగానే పొదలోకి దూరి మూడు కొమ్ముల తల ఒక్కటి బయట పెట్టి చూసింది. మేడమ్ కంచె చుట్టూ తిరుగుతూనే ఉంది. తిరుగుతూ తిరుగుతూ ఒకచోట కడుపు పట్టుకుని ఆగింది. అసిడిటీ అంది. అసిడిటీ కాదు. ఆమె ఎన్నాళ్ళ నుంచి ఓర్చుకుంటోందో ఎవరికీ చెప్పలేదు. పెద్దాసుపత్రిలో చేర్చేటప్పటికే డాక్టర్లు పెదవి విరిచారట.

చూడటానికి వెళ్ళాను. మంచం మీద కూడా రెండు పాదాలూ దుప్పటి కింద ఆడుతూనే ఉన్నాయి. తలుపు దగ్గర చెల్లెలు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉంది. అక్కకు సేవంతా ఆవిడే చేస్తోంది, మాట మాత్రం ముక్తసరిగానే. "కట్టిందా?" అని అడిగింది మేడమ్. ఒక ఆడది చూలుతో ఉన్నట్టుందని నర్సింగ్ అంటున్నాడని చెప్పాను. ఆ తర్వాత వెళ్ళినప్పుడల్లా అదే ప్రశ్న: "ఈనిందా?"

ఈనింది. ఆడపిల్ల. మొదటి రోజు గడిచింది, వారం గడిచింది, పిల్ల తూలలేదు సరికదా తల్లిని వదిలి గెంతులు వేస్తోంది. నర్సింగ్ ఏడ్చి, నన్ను కావలించుకుని, అటు నుంచి అటే పొమ్మని తరిమాడు. ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఇన్నాళ్ళకు ఆ మనిషి ముఖంలో నెమ్మది చూడబోతున్నాననుకున్నాను.

విన్నది. కళ్ళు మూసుకుంది. తెరిచింది.

"నవాబును తీసిన దినంకు, కుంటోని తోలిన దినంకు నడుమ మస్తు తేడా లేదు కదా?"

"లేదు మేడమ్."

"అయితే గది నవాబు బిడ్డ గూడ కావచ్చు. పెంటికలు తెచ్చినవా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "జర ఒక్కపారి ఖుష్ కాండ్రి మేడమ్! పిల్ల బతికింది, ఎగురుతున్నది. ఇంకేం కావాలె మీకు?"

"నవాబు బిడ్డయితే ఏం ఖుషీ తమ్మీ? ఒక్క తల పెరిగినట్టు, గంతే. కుంటోని బిడ్డయితే మంద బతుకుతది." ఊపిరి అందక ఆగింది. "పో. ఎండ ముదిరితే ఖరాబైతయి. తే పో."

తిట్టుకుంటూనే వెళ్ళాను. పిల్లవీ, తల్లివీ, రెండు మగవాటివీ ఏరి, ల్యాబులో ఆమె దగ్గర పనిచేసే అమ్మాయికి ఇచ్చాను. ఆ పరీక్షకు పట్టే కాలం ఆమెకు చాలలేదు. పోయే ముందు రోజు నన్ను గుర్తుపట్టి, మాట రాక, కనుబొమలు ఎగరేసి అడిగింది. ఇంకా రాలేదని తల అడ్డంగా ఊపాను. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

ఫోను వచ్చింది దశదినకర్మ రోజున. ల్యాబు అమ్మాయి చేసింది. "సార్, కుంటోడే. కుంటోడే తండ్రి." ఫోను పెట్టేసి ఆఫీసులో లేచి నిలబడ్డాను. ఎవరికి చెప్పాలి? నర్సింగ్‌కు చెప్పాను, పెద్దసారుకు చెప్పాను. ఇంకా చెప్పవలసిన వాళ్ళెవరో మిగిలిపోయినట్టే ఉంది. ఎలాగూ ఉప్పుగూడ వెళ్ళాలి, వెళ్ళాను.

గల్లీలో షామియానా కింద భోజనాల బంతి సాగుతోంది. చెల్లెలు స్వయంగా వడ్డిస్తోంది. నా విస్తరిలో అన్నం పెట్టి, "ఫోనొచ్చిందా అన్నా?" అంది మెల్లగా. ఆసుపత్రి తలుపు దగ్గర నిలబడి అన్నీ విన్న మనిషి కదా.

"వచ్చిందమ్మా. మీ అక్క అనుకున్నట్టే అయింది. గా పిల్ల కుంటోని బిడ్డనే."

ఆవిడ ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. అచ్చం అక్క ముఖమే. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పక్క విస్తరికి వెళ్ళబోయి ఆగింది. గరిటె చేతిలో పట్టుకుని ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నిలబడిపోయింది.

"ఆడపిల్లంటిరి కదన్నా? మరి రేపు దానికి ఎవర్ని చూస్తరు? కుంటోడు తండ్రాయె. మిగిలినోళ్ళంత దాని తల్లి తరఫోళ్ళేనాయె."

మేడమ్ పోయిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. అక్కడ, విస్తరి ముందు వచ్చింది.